ఎరుపుకూ నీలానికీ అంత ఖరీదెందుకు?



ఆ మధ్య చేవెళ్ల వైపు రైతు, పెద్దాయన ఒకరు నా దగ్గరకు వచ్చాడు. "సారూ, రెండెకరాలు నీలి వెయ్యమంటున్నరు. ఆకు రంగులకు మస్తు గిరాకి ఉన్నదంట. వెయ్యాల్నా?" అని అడిగాడు. జవాబు చెప్పే ముందు ఆయనను మాదాపూరు శిల్పారామానికి తీసుకువెళ్లాను. ఎదురుగా హైటెక్ సిటీ అద్దాల మేడలు, లోపల చేనేత దుకాణాలు. ఒక కలంకారీ దుప్పటి ధర అడిగి ఆయన గతుక్కుమన్నాడు. "నూలు బట్టకు గింత ధరనా? రంగుల బంగారం కలిపిన్రా?" అన్నాడు. ఆ రోజు ఆయనకు చెప్పిన సంగతులే నేడు మీకూ చెబుతాను.

అక్కడికి కొద్ది మైళ్లలోనే గోలకొండ కోట ఉన్నది. 1687లో ముగిసిన కుతుబ్ షాహీల ఏలుబడిలో ఆ రాజ్యానికి పెద్ద రేవు మచిలీపట్నం. అక్కడి అద్దకపు బట్టలు పారశీకానికీ, తూర్పు దీవులకూ, ఐరోపాకూ ఓడలెక్కేవి. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని ఎరుపే వాటికి పేరు తెచ్చింది. ఆ ఎరుపు చిరివేరుది. నిజాంపట్నం ప్రాంతపు వేరు మేలురకమని ప్రసిద్ధి. 1611లో ఆంగ్లేయుల ఓడ 'గ్లోబ్' ఆగిన రేవుల్లో నిజాంపట్నం కూడా ఒకటి.

చిరివేరు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ దీన్ని గురించి 18వ శతాబ్దం చివర వివరంగా వ్రాశాడు. సముద్రపు ఒడ్డున తేలిక ఇసుక నేలలో రెండేళ్లు పెరిగిన వేరు శ్రేష్ఠమన్నాడు. అంటే రెండేళ్లు చేను కాచుకోవాలి. ఆ తర్వాత సన్నని వేళ్లు తెగకుండా ఓపికగా తవ్వి తీయాలి. రంగు ఉండేది ఆ వేరు పైతోలులోనే.

వేరు చేతికి వచ్చినంత మాత్రాన ఎరుపు రాదు. బట్టకు కరక్కాయ, పాలు పట్టించాలి. పటిక నీటితో ముద్ర వేయాలి. పటిక ఉన్న చోటనే ఎరుపు నిలుస్తుంది. తక్కిన చోట అంటిన రంగు పోవాలంటే మళ్లీ మళ్లీ ఉతికి ఎండలో ఆరవేయాలి. నీలం వేయదలిస్తే నీలం అక్కరలేని చోటంతా మైనం పూయాలి. ఒక్క దుప్పటి వెనుక ఎంతమంది చేతులు ఉన్నాయో చూడండి!

నీలి సంగతీ అంతే. కోసిన రొట్టను ఆలస్యం లేకుండా తొట్లలో నానవేయాలి. ఆ నీటిని తెడ్లతో బాది, అడుగున పేరిన మడ్డిని కాచి, పిండి, ముద్దలు చేయాలి. వంద పాళ్ల పచ్చిరొట్టకు ఒక పాలు రంగైనా రాదు. ఆ నీలిమందు కోసమూ, బట్టల కోసమూ డచ్చివారు 17వ శతాబ్దంలో ఖమ్మం దగ్గరి నాగులవంచలో వర్తకపు కొఠీ పెట్టారు.

ఇతర దేశాల్లోనూ ఇదే తీరు. రోము చక్రవర్తులు ధరించిన ఊదారంగు సముద్రపు నత్తల నుంచి వచ్చేది. 1909లో ఫ్రీడ్లెండర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 12,000 నత్తలను పరీక్షిస్తే దొరికిన రంగు 1.4 గ్రాములు. అంటే తులంలో ఎనిమిదో వంతు!

ఇంత విలువైన రంగులకు తర్వాత ఏ గతి పట్టిందో వినండి. చిరివేరులోని ఎరుపుకు మూలమైన పదార్థం అలిజరిన్. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు తారు నుంచి తీసిన సరుకుతో దానిని తయారుచేశారు. కొన్నేళ్లకే అది చవకగా బజారుకు వచ్చింది. అలిజరిన్ కోసమే వేరు పంట వేసే ఫ్రాన్సు రైతులు పదేళ్లలో ఆ పంట మానుకోవలసి వచ్చింది. 1897లో ఫ్యాక్టరీ నీలిరంగు అమ్మకానికి వచ్చింది. కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాల్లో విస్తారంగా ఉండిన నీలి సాగు అటుపిమ్మట క్షీణించిపోయింది. చేను మారలేదు, రైతు కష్టం తగ్గలేదు. కొనేవాడికి వేరే దారి దొరికింది, అంతే.

సోదరులారా, ఇప్పుడు ఆకు రంగులను, వేరు రంగులను మెచ్చి కొనేవారు మళ్లీ ఉన్నారు. అది సంతోషమే. అయితే దుప్పటి ధర చూసి పంట ధర లెక్క కట్టకండి. ఆ ధరలో చాలా భాగం పనితనానిది. నీలి వేయబోయే ముందు మూడు సంగతులు తేల్చుకోండి. రొట్టను కొనేదెవరు, ఏ ధరకు? కోసిన రోజే నానవేసే తొట్లు ఎంత దూరంలో ఉన్నాయి? కొనేవాడు రాకపోతే మీకు మిగిలేదేమిటి? మూడో ప్రశ్నకు నీలి కొంత నయమే. అది పప్పుజాతి మొక్క గనుక చేలో కలియదున్నితే పచ్చిరొట్ట ఎరువవుతుంది. రంగు తీసిన పిప్పి కూడా ఎరువుకు పనికివస్తుంది.

ఆ పెద్దాయన ఇదంతా విని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అయితే సారూ, కొనేటోడు కాయితం మీద రాసిచ్చినంకనే ఇత్తనం చల్లుత. అదీ పదిగుంటలల్లనే" అన్నాడు.

అంతకన్న మంచి సలహా నేనూ ఇవ్వలేను. సెలవు.