థామస్ బౌరీ

థామస్ బౌరీ (సుమారు 1659 – 1713) 17వ శతాబ్దంలో బంగాళాఖాతంలో తెరచాప ఓడలు నడిపిన ఆంగ్లేయ నావికుడు, వర్తకుడు, రచయిత. మచిలీపట్నం, నరసాపురం రేవుల గురించి, తెలుగు తీరపు ఓడల నిర్మాణం గురించి ఇతడు వ్రాసిన వివరాలు ఆంధ్రుల నౌకాచరిత్రకు ముఖ్యమైన ఆధారాలు. మొదటి ఆంగ్ల–మలయ్ నిఘంటువును కూర్చినవాడు కూడా ఇతడే.

జీవిత విశేషాలు

బౌరీ లండన్ నగరంలో, థేమ్స్ నది ఒడ్డున నావికులు నివసించే వాపింగ్ ప్రాంతానికి చెందినవాడు. 1669లో, పదేళ్ళ ప్రాయంలోనే, చెన్నపట్నంలోని సెయింట్ జార్జి కోటకు చేరాడు. అప్పటినుండి సుమారు 19 సంవత్సరాలు తూర్పు సముద్రాలలోనే గడిపాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కాక, స్వతంత్ర వర్తకుడుగా, ఓడ కెప్టెనుగా జీవించాడు. కోరమాండల్ తీరం, ఒరిస్సా, బెంగాల్, తెనస్సెరిం, జంక్ సిలోన్ (నేటి ఫుకెట్), కెడా, సుమత్రా దీవిలోని అచే ఇతడు ఎరిగిన ప్రాంతాలు.

1688లో స్వదేశానికి తిరుగు ప్రయాణమయ్యాడు. ఓడలో దొరికిన తీరిక సమయంలో తనకు తెలిసిన మలయ్ పదాలను ఒక క్రమంలో పెట్టాడు. ఆ నిఘంటువు 1701లో లండన్‌లో అచ్చయింది. తూర్పు దేశాలకు వెళ్ళే ఆంగ్లేయులలో మలయ్ భాష తెలిసినవారు బహు తక్కువ అన్నది ఈ కృషికి కారణం.

తరువాతి కాలంలో బౌరీ లండన్‌లో ఉంటూ మేరీ గ్యాలీ, వూస్టర్ మొదలైన ఓడలలో భాగస్వామి అయ్యాడు. వూస్టర్ ఓడను 1704లో స్కాట్లండ్‌లో పట్టుకున్నారు. దాని కెప్టెను థామస్ గ్రీన్‌పై సముద్రపు దొంగతనం నేరం మోపి, 1705లో లీత్ రేవు వద్ద ఉరితీశారు. బౌరీ 1713లో మరణించాడు.

బంగాళాఖాత దేశాల వర్ణన

1669 నుండి 1679 వరకు తాను చూసిన విషయాలను బౌరీ ఒక గ్రంథంగా వ్రాసుకున్నాడు. రేవులు, సరకులు, తూనికలు, ఆచారాలు, పాలకులు, పడవలు ఇందులోని విషయాలు. పడవల బొమ్మలు కూడా స్వయంగా గీశాడు. అతని జీవితకాలంలో ఇది అచ్చు కాలేదు. రెండు శతాబ్దాలకు పైగా వ్రాతప్రతిగానే ఉండిపోయింది. చివరకు 1905లో సర్ రిచర్డ్ కార్నక్ టెంపుల్ సంపాదకత్వంలో హక్లూయిట్ సొసైటీ దీనిని ప్రచురించింది. వ్రాతప్రతిపై రచయిత పూర్తి పేరు లేనందున, 'టి. బి.' అనే పొడి అక్షరాలను బట్టి అతడు బౌరీ అని టెంపుల్ నిర్ధారించాడు. 1913లో ఇంగ్లాండులోని క్లీవ్ ప్రయర్ గ్రామంలో ఒక పాత భవనంలో బౌరీ కాగితాలు బయటపడ్డాయి. అవి 1927లో వేరొక సంపుటంగా వెలువడ్డాయి.

మచిలీపట్నం రేవు – మసూలా పడవ

బౌరీ కాలానికి మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన రేవు. డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో ఇక్కడ వర్తక స్థావరాలు ఏర్పరచుకున్నారు. అయితే పెద్ద ఓడలు ఒడ్డుకు రాగలిగిన రేవు కాదు. దక్షిణాన దివిసీమ ముందున్న ఇసుక మేటలను తప్పించుకొని వచ్చిన ఓడ తీరానికి దూరంగా లంగరు వేయవలసిందే. అక్కడినుండి మనుషులను, సరకును ఒడ్డుకు చేర్చేవి చిన్న పడవలు.

ఈ తీరపు అలలను తట్టుకొనేది మసూలా పడవ. బౌరీ వర్ణన ప్రకారం దాని అడుగు చదునుగా ఉంటుంది. వెడల్పైన పలుచని పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టి దీనిని తయారుచేస్తారు. ప్రక్కలను పట్టి ఉంచే అడ్డకొయ్యలు తప్ప లోపల మరే కొయ్యలూ ఉండవు. చూపుకు వికారంగా ఉంటుందనీ వ్రాశాడు. కాని దాని బలం ఆ కుట్టులోనే ఉన్నది. మేకులతో బిగించిన గట్టి పడవ ఒడ్డున విరిగే అలల దెబ్బకు పగిలిపోగా, కుట్టిన పడవ కొద్దిగా వంగి దెబ్బను ఓర్చుకుంటుంది. కొయ్య దుంగలను కలిపి కట్టిన తెప్పలను కూడా బౌరీ వర్ణించాడు.

మాధవాయపాలెం ఓడల నిర్మాణం

మచిలీపట్నానికి ఈశాన్యంగా, గోదావరి వశిష్ఠ పాయ మీద ఉన్న నరసాపురం, దాని ప్రక్కనే ఉన్న మాధవాయపాలెం అప్పట్లో ఓడలు కట్టే స్థలాలు. ఆంగ్లేయులు 'మడపొల్లం' అని పిలిచిన ఈ ఊరి పేరు ఒక రకపు నూలు వస్త్రానికి కూడా స్థిరపడింది. ఆంగ్లేయ వర్తకులు, ఇతరులు ఏటా ఇక్కడ ఓడలు కట్టించుకునేవారని బౌరీ తెలిపాడు. మంచి కలప సమృద్ధిగా ఉండడం, తీరం మొత్తంలో మేలైన ఇనుము ఇక్కడే దొరకడం అతడు చెప్పిన కారణాలు. మేకులు, బోల్టులు, లంగర్లు స్థానిక కమ్మరులే నేర్పుగా చేసేవారు. ఓడ మేస్త్రీలు ఓడను నీటిలోకి దింపడంలో చూపే ఒడుపు ప్రపంచంలో తాను చూసిన ఏ చోటికీ తీసిపోదని మెచ్చుకున్నాడు. తెరచాప స్తంభాలను నిలబెట్టే మోకుల తయారీని కూడా ప్రత్యేకంగా ప్రశంసించాడు.

గోల్కొండ సుల్తాను ఓడలు ఏటా అరకాన్, తెనస్సెరిం, సింహళం వెళ్ళి ఏనుగులను తెచ్చేవనీ, కొన్ని ఓడలు 14 నుండి 26 ఏనుగుల వరకు మోసేవనీ వ్రాశాడు. అటువంటి ఓడలు ఎంతో దృఢంగా ఉండి తీరాలి.

ప్రాముఖ్యత

బౌరీ సాక్ష్యానికి విలువ అతని వృత్తి వలన వచ్చింది. ఓడ కట్టుబడిలో లోపముంటే మొదట ప్రాణం పోయేది దానిని నడిపేవారికే. కనుక కొయ్య, ఇనుము, మోకుల గురించి అతని మెప్పు మర్యాదకు అన్న మాట కాదు. రాధాకుముద్ ముఖర్జీ 1912లో ప్రచురించిన భారతీయ నౌకాచరిత్రలో ఈ వర్ణనను ఆధారంగా తీసుకున్నాడు.

అయితే స్థానికుల మతాచారాలపై బౌరీ అభిప్రాయాలు ఆనాటి ఐరోపా వర్తకుని దృష్టితో కూడినవి కావున వాటిని జాగ్రత్తగా చదవవలసి ఉన్నది. అతడు మెచ్చుకున్న మేస్త్రీలలో ఒక్కరి పేరు కూడా ఆ ప్రశంసలో కనిపించదు. వారి విద్య తండ్రినుండి కొడుకుకు చేతిపనిగానే అందింది. ఓడలు కట్టించుకునేవారు తగ్గినకొద్దీ ఆ విద్యా సన్నగిల్లింది. మచిలీపట్నం రేవు కూడా క్రమంగా పూడిపోయింది. 1864 నవంబరు 1 నాటి తుఫానులో సుమారు 30,000 మంది మరణించిన తరువాత పట్టణం పూర్వవైభవాన్ని తిరిగి పొందలేదు. 2023లో ఇక్కడ కొత్త ఓడరేవు నిర్మాణపు పనులు ప్రారంభమైనాయి.

ఇవి కూడా చూడండి

మచిలీపట్నం
నరసాపురం
దివిసీమ
కుతుబ్ షాహీ వంశం