కుళాయి నీటిలో పారిశ్రామిక రసాయనాల పరీక్ష: చరిత్ర

నగరాల కుళాయి నీటికి పరీక్షలు మొదలైంది క్రిముల భయంతో. అమెరికాలో 1914లో వచ్చిన తొలి ప్రమాణాలు బ్యాక్టీరియా లెక్కతోనే ఆగాయి. నదుల ఒడ్డున రసాయన కర్మాగారాలు పెరిగాక అది చాలలేదు. 1962 ప్రమాణాల్లో చేరిన ఒక పద్ధతిని చూస్తే అప్పటికి ఎంతవరకు కనిపించేదో తెలుస్తుంది. వేల లీటర్ల నీటిని బొగ్గు గుండా పోనిచ్చేవారు. బొగ్గుకు పట్టినదాన్ని క్లోరోఫాంతో కడిగి, ఆ క్లోరోఫాం ఆవిరయ్యాక అడుగున మిగిలిన జిడ్డును తూచేవారు. లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మించకూడదు. జిడ్డు బరువు తెలిసేది గాని, అందులో ఏముందో తెలిసేది కాదు. కలగలిసిన రసాయనాలను విడదీసే గ్యాస్ క్రొమటోగ్రఫీకి, అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ తోడయ్యాకే ఒక్కొక్కదానికీ పేరు దొరికింది. 1974లో మిసిసిపి నది నీరు తాగే న్యూ ఆర్లియన్స్‌లో పదుల సంఖ్యలో సేంద్రియ రసాయనాలు బయటపడ్డాయి. ఆ ఏడాది డిసెంబరులోనే సురక్షిత తాగునీటి చట్టం వచ్చింది.

అయితే జాబితాలో ఉన్నవాటినే వెతికే పరీక్షకు జాబితాలో లేనిది కనబడదు. ఈ చరిత్రలో పదేపదే ఎదురయ్యే లోపం ఇదే. నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్ నగరం కేప్ ఫియర్ నది నీరు తాగుతుంది. ఎగువన ఫయెట్‌విల్ దగ్గరి కర్మాగారం 1980 నుంచే నదిలోకి వదులుతూ వచ్చిన జెన్‌ఎక్స్ అనే ఫ్లోరిన్ రసాయనం, 2013-15లో దేశమంతటా జరిగిన నీటి సర్వేలో వెతికిన ఆరు ఫ్లోరిన్ రసాయనాల్లో లేదు. ఏ రసాయనమో ముందే అనుకోకుండా, నీటిలో ఉన్న అణువుల బరువులు కొలిచిన పరిశోధకులకే అది చిక్కింది. 2013 నాటి నదినీటి నమూనాల్లో సగటున లీటరుకు 631 నానోగ్రాములు ఉందని 2016లో ప్రచురించారు. ఊరివాళ్లకు ఆ సంగతి 2017లో పత్రికల ద్వారా తెలిసింది.

నానోగ్రాముల గురించి ఇంత కలవరం ఎందుకు, యంత్రం చూపు పదునెక్కినంత మాత్రాన నీటిలో విషం పెరిగిందా అని అడిగేవారున్నారు. పెరగలేదు, నిజమే. కాని ఒంట్లో నిలిచిపోయే రసాయనానికి రోజూ చేరే కొద్దిపాటి మోతాదే లెక్క. పీఎఫ్‌ఓఏ అనే ఫ్లోరిన్ రసాయనం నెత్తురులో సగానికి తగ్గడానికే ఏళ్లు పడుతుంది. 2024లో అమెరికా దానికి లీటరుకు 4 నానోగ్రాముల హద్దు పెట్టింది. వేల రసాయనాలకు పరీక్షలు చేసే ఖర్చు ఏ నీటి బోర్డు భరించగలదన్న అభ్యంతరం ఇంతకంటే గట్టిది. కుళాయి దగ్గరే అన్నీ వెతకడం కుదరదు. తన గొట్టంలోంచి ఏం పోతోందో కర్మాగారానికి తెలుసు కాబట్టి, ఆ వివరం ముందే చెప్పించి, వెతకడం అక్కడే మొదలుపెట్టాలి. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో బయటపడింది కూడా ఇలా గొట్టం చివర వెతికినందువల్లే. విల్మింగ్టన్‌లో ఆ వివరం ముందే తెలియలేదు. అక్కడ 2022లో కొత్త బొగ్గు వడపోత నడవడం మొదలైంది, ఆ ఖర్చు జనం నీటి బిల్లుల్లోకి చేరింది.