మన యిండ్లలో హేమంతము

గంజాము జిల్లాలో పెద్దభాగము 1936 ఏప్రిల్ 1వ తేదీన చెన్నరాజధానినుండి విడివడి, నాడేర్పడిన ఒరిస్సా రాష్ట్రమున చేరినది. నాటినుండి బరంపురము, గోపాల్‌పూర్ తెలుగు కుటుంబములలో పద్యమునకు బడికంటె ఇల్లే పెద్ద ఆశ్రయమైనది. ధనుర్మాసపు రాత్రులు దీర్ఘములు. భోజనములైన పిదప పెద్దలు పుస్తకము విప్పుదురు, తక్కినవారము చుట్టును చేరుదుము.

గోపాల్‌పూర్‌లో చలి యెంత? వేకువను పొగమంచులో మన జాలరుల తెప్పలు కానరాకుండునంత, దుప్పటి కప్పుకొనునంత. కావుననే మనుచరిత్ర చదువునపుడు, "మంచునీటికి కాలిపసరు కరగిపోవునా?" అని పిల్లలడుగుదురు. కరగబట్టియే గదా ప్రవరునకు ఇల్లు చేరు దారి లేకపోయినది! పెద్దన చేతిలో మంచే కథను నడపినది.

పోతన దశమస్కంధమున గోపకన్యలు మార్గశీర్షపు వేకువను యమునలో స్నానమాడి కాత్యాయనిని కొలుతురు. గొబ్బెమ్మలుంచు ఆడపిల్లలకు ఆ చలి తెలిసినదే. వస్త్రాపహరణము వచ్చుసరికి అవ్వలు పుటలు త్రిప్పివేయుటయు మే మెఱుగుదుము.

అయినను మా మనసునకు మిక్కిలి దగ్గఱయైనది వాల్మీకి హేమంతము. అరణ్యకాండమున, గోదావరీస్నానమునకు పోవుచు లక్ష్మణుడు ఆ ఋతువును వర్ణించును. వర్ణించుచు వర్ణించుచు, ఈ వేళకు భరతుడు ఆ చలిలో సరయువున ఎట్లు మునుగుచున్నాడో యని తలచును. ఆపై కైకను నిందింపబోగా రాముడు వారించి, భరతుని మాటయే చెప్పుమనును. ఇచ్ఛాపురమున కావల అన్నదమ్ములున్న యింట ఈ ఘట్టము తెలుగున చెప్పుచు గొంతు తడబడని పెద్దను మేము చూడలేదు.

ఇక లిపి సంగతి. మన పిల్లలలో కొందఱు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. పద్యమును ఒడియా అక్షరములలో వ్రాసికొందురు. ఆ లిపిలో ఎ, ఏ లకు ఒకటే అక్షరము. ఒ, ఓ లకును అంతే. కన్ను నమ్మి చదివినచో లఘువు గురువగును, గణము చెడును. గత పుష్యమున మా యింట నొక బాలుడు అట్టి కాగితమునే పట్టుకొని నిలిచెను. తాతగారు ముఖము చిట్లించిరి. వాడు చదివెను, ఒక్క గణమును తప్పలేదు. ఏండ్లుగా విన్న చెవి వానిది. తాతగారు మరల చదువుమనిరి. పిదప పలక తెమ్మనిరి.