కోమటిచెరువు కట్ట మీద బొమ్మలు, దీపాలు

పొద్దుగూకాక కోమటిచెరువు కట్ట ఎక్కితే మా చిన్ననాటి సిద్దిపేట ఆనవాలు దొరకదు. అప్పట్లో ఈ నీళ్ల మీద వెలుగంటే సద్దుల బతుకమ్మ నాటి దీపాలే. ఇప్పుడు సస్పెన్షన్ బ్రిడ్జి, గ్లో గార్డెన్, డైనోసార్ పార్కు. జనం చీకటి పడటం కోసమే ఎదురుచూస్తున్నారు.

డైనోసార్లు కొత్తే గానీ, బొమ్మ మాకు కొత్త కాదు. 1925లో ఇక్కడే పుట్టిన చిత్రకారుడు కాపు రాజయ్య మన పల్లె బతుకును, పండుగలను రంగుల్లోకి తెచ్చారు. 2016లో వరంగల్ జిల్లా నుంచి మా జిల్లాలో కలిసిన చేర్యాలలో నకాషీ కళాకారులు చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి బొమ్మలు తీరుస్తారు. అయితే అవన్నీ చూరు కింద బతికేవి. కథ చెప్పడానికి వాడే చేర్యాల పటాన్నీ కథ ముగిశాక చుట్టి దాచేవారు. ఎండావానల్లో నిలబడే బొమ్మను సాకడమే మాకు కొత్త.

ఆ సాకుడు ఒక్కోదానికి ఒక్కో తీరు. ఫైబర్ బొమ్మ రంగును ఎండ తినేస్తుంది. కంచు మీద పక్షుల రెట్ట మచ్చ వేస్తుంది. తేలికపాటి సబ్బునీళ్లతో కడిగి పల్చగా మైనం పూస్తే తట్టుకుంటుంది. హైదరాబాద్‌లో 2023లో నిలిపిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహానికి లోపల ఉక్కు చట్రం, పైన కంచు తొడుగు. ఇలాంటి విగ్రహాల్లో రెండు లోహాలు తగిలేచోట నీరు చేరితే ముందు తుప్పు పట్టేది ఉక్కే. 1992లో హుస్సేన్‌సాగర్‌లో నిలబడిన బుద్ధుడిది ఏకశిల. తుప్పు బెంగ లేదు గానీ రెట్టల బెంగ తప్పదు.

ఇక దీపం. చేర్యాల బొమ్మ గడ్డం కింద టార్చి పెట్టి చూడండి. నీడలు పైకెగబాకి దేవత కూడా దయ్యమవుతుంది. మా ఇంటి దారిలో ఒక విగ్రహానిదీ అదే గతి. దీపాలు పాదాల దగ్గరే బిగించారు. పగలు నవ్వే పెద్దాయన రాత్రి ఉరిమి చూస్తాడు. కాస్త దూరంలో, స్తంభం మీద నుంచి, ఓ పక్కగా వెలుగు పడితే మొహం మొహంలా ఉంటుంది.

తొలకరిలో దీపాల చుట్టూ ఉసిళ్లు మూగుతాయి. తెల్లారేసరికి అద్దానికి రెక్కల పొర. వెలుగు తగ్గిందని బల్బు మార్చమంటారు. తడిగుడ్డ చాలన్నది ఎవరికీ తోచదు. మా ఇళ్లలో లాంతరు చిమ్నీని సాయంత్రం బూడిదతో తుడిచాకే ముట్టించేవాళ్లం. ఆ పని ఇప్పుడూ తప్పలేదు. స్తంభం ఎత్తయిందంతే.