బద్ధకం అనుకున్నారు, పురుగు అని తేలింది: రాక్‌ఫెల్లర్ 10 లక్షల డాలర్ల కథ

ఏటా ఫిబ్రవరి 10న స్కూళ్లలో, అంగన్‌వాడీల్లో పిల్లలతో ఒక మాత్ర నమిలిస్తారు కదా, ఆల్బెండజోల్. నులిపురుగుల మందు. జబ్బు ఉన్నా లేకపోయినా ఊళ్లో పిల్లలందరికీ ఒకేసారి మందు ఇస్తే లాభమా, ఆ లాభాన్ని డబ్బుల్లో లెక్క కట్టగలమా? ఈ ప్రశ్న వెనక వందేళ్ల కథ ఉంది. అది అమెరికాలో జరిగింది. అందులో ఒక కోటీశ్వరుడు, ఒక పురుగు, కొంచెం మన వాము కూడా ఉన్నాయి.

1900 ప్రాంతంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల పేద రైతుల మీద ఒక ముద్ర ఉండేది: వీళ్లు బద్ధకస్తులు. మొహం పాలిపోయి ఉంటుంది, నాలుగడుగులు వేస్తే ఆయాసం, పిల్లలు క్లాసులో తూగుతుంటారు. కొందరైతే మట్టి తినేవాళ్లు. రక్తం తక్కువైతే మట్టి తినాలనిపించడం మన ఊళ్లలోనూ తెలిసిన విషయమే.

1902లో చార్లెస్ స్టైల్స్ అనే జంతుశాస్త్రవేత్త, ఇది బద్ధకం కాదు, కొంకిపురుగు అన్నాడు. బహిర్భూమికి వెళ్లిన చోట తడి మట్టిలో దీని పిల్లపురుగులు ఉంటాయి. చెప్పుల్లేని కాళ్ల చర్మంలోంచి లోపలికి దూరి, చివరికి పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. రోజూ కొంచెం కొంచెం, ఏళ్ల తరబడి. పేపర్లు మాత్రం దీనికి "బద్ధకం క్రిమి" అని పేరు పెట్టి జోకులేసుకున్నాయి. జనం నవ్వుకునే జబ్బు మీద ఏ ప్రభుత్వం ఖర్చు పెడుతుంది చెప్పండి!

1909లో స్టాండర్డ్ ఆయిల్ అధిపతి జాన్ డి. రాక్‌ఫెల్లర్ ఈ పని కోసం 10 లక్షల డాలర్లు ఇచ్చాడు. రాక్‌ఫెల్లర్ శానిటరీ కమిషన్ పుట్టింది. 11 రాష్ట్రాల్లో సర్వే చేస్తే, బడి వయసు పిల్లల్లో సగటున 40 శాతం మందికి ఈ పురుగు ఉందని తేలింది.

మందు చాలా సింపుల్: థైమాల్, తర్వాత భేది ఉప్పు. థైమాల్ పురుగు పట్టు వదిలిస్తుంది, భేది ఉప్పు దాన్ని బయటికి పంపిస్తుంది. మన వాముకి ఆ ఘాటు వాసన ఇచ్చేది ఈ థైమాలే. అప్పట్లో జర్మనీలో థైమాల్ తయారు చేయడానికి వాము ఇండియా నుంచే వెళ్లేది!

కానీ అసలు తెలివి మందులో లేదు, పంచిన పద్ధతిలో ఉంది. కమిషన్‌ని నడిపిన విక్లిఫ్ రోజ్ డాక్టర్ కాదు, ఫిలాసఫీ చెప్పిన ప్రొఫెసర్. ఆయన సొంత బోర్డు తగిలించుకుని ఊళ్ల మీద పడలేదు. రాష్ట్రాల ఆరోగ్య శాఖల ద్వారానే పని చేయించాడు. కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి, క్యాంపు ఖర్చులో కొంత పెట్టుకోవాల్సిందే. క్యాంపు పెట్టిన రోజున జనం బండ్లు కట్టుకుని, భోజనాలు మూట కట్టుకుని తిరునాళ్లకి వచ్చినట్టు వచ్చేవాళ్లు. మైక్రోస్కోప్‌లో పురుగు గుడ్లు చూపించేవాళ్లు. కళ్లారా చూశాక ఇక నమ్మకుండా ఎలా ఉంటారు? అలా 4 లక్షల మందికి పైగా వైద్యం అందింది.

అనుమానాలు లేవా అంటే, బోలెడు. ఉత్తరాది కోటీశ్వరుడు మమ్మల్ని రోగిష్టివాళ్లు అంటాడా అని కొందరికి కోపం. రాక్‌ఫెల్లర్ బూట్ల వ్యాపారం మొదలుపెడుతున్నాడు, అందుకే చెప్పులు వేసుకోమంటున్నాడు అని ఒక పుకారు. అప్పట్లో వాట్సాప్ లేదు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. 2007లో హోయ్ట్ బ్లీక్లీ అనే ఆర్థికవేత్త పాత జనాభా లెక్కలు తవ్వి చూశాడు. పురుగు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో, క్యాంపుల తర్వాత పిల్లలు బడికి వెళ్లడం, చదవడం-రాయడం రావడం ఎక్కువగా పెరిగాయి. ఆ పిల్లలు పెద్దయ్యాక ఆదాయం కూడా పెరిగింది. పెద్దవాళ్లలో అప్పటికప్పుడు పెద్ద మార్పు కనబడలేదు. వాళ్లలో పురుగు ముందునుంచీ తక్కువే కాబట్టి అది లెక్కకి సరిపోయింది. దానాల విలువ గురించి మాట్లాడేవాళ్లకి ఈ పేపర్ పెద్ద ఆయుధం అయిపోయింది.

అయితే 2018లో డేవిడ్ రూడ్‌మన్ అనే ఆయన ఇంకా ఎక్కువ డేటా తీసుకుని అదే లెక్క మళ్లీ చేశాడు. పురుగు ఎక్కువున్న ప్రాంతాలు మిగతావాటిని అందుకోవడం నిజమే కానీ, ఆ పరుగు క్యాంపుల కంటే ముందే మొదలైంది, క్యాంపుల టైంకి ప్రత్యేకంగా వేగం పెరిగినట్టు కనబడట్లేదు అన్నాడు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్లకి ఈ నొప్పి తెలుసు. రిలీజ్ అయిన వారం నంబర్స్ పెరిగితే మన ఫీచర్ వల్లే అని స్లైడ్ వేసేస్తాం. గ్రాఫ్ అంతకు ముందునుంచే పైకి వెళ్తోందని ఎవరో తర్వాత చూపిస్తారు.

మరి డబ్బు వృథానా? నేను అలా అనుకోను. రక్తం లేని పిల్లాడికి రక్తం పట్టడం, వాడి జీతం పెరిగినా పెరగకపోయినా, లాభమే. ఇంకోటి, తిట్టుకి గురైన లక్షలమందికి "నీ తప్పు కాదు, ఇది జబ్బు" అని చెప్పడానికి ఎవరో ఒకరు ముందు డబ్బు పెట్టాలి. ఓట్లు అడిగేవాళ్లు పెట్టలేదు, లాభం చూసేవాళ్లు పెట్టరు. ఫౌండేషన్ డబ్బుకి సరైన చోటు అదే అని నా అభిప్రాయం.

అలాగని రాక్‌ఫెల్లర్‌కి దండ వేయక్కర్లేదు. 1911లో సుప్రీంకోర్టు స్టాండర్డ్ ఆయిల్‌ని గుత్తాధిపత్యం కింద ముక్కలు చేసింది. ఫౌండేషన్‌కి దేశ స్థాయి చార్టర్ ఇవ్వమంటే అమెరికా కాంగ్రెస్ ఇవ్వలేదు, 1913లో న్యూయార్క్ రాష్ట్రం ఇచ్చింది. 1914 ఏప్రిల్‌లో కొలరాడోలోని లడ్లోలో, రాక్‌ఫెల్లర్ల చేతిలో ఉన్న బొగ్గు కంపెనీ కార్మికుల సమ్మె గుడారాలు తగలబడి, కింద గోతిలో దాక్కున్న ఇద్దరు ఆడవాళ్లు, 11 మంది పిల్లలు చనిపోయారు. ఒక రాష్ట్రంలో పిల్లల రక్తహీనతకి మందు, ఇంకో రాష్ట్రంలో ఇది. రెండూ ఒకే డబ్బు సంచి. ఏ జబ్బుకి వైద్యం జరగాలో, ఏ సమస్యని ముట్టుకోకూడదో ఆ సంచి యజమాని ఇష్టం. కౌలు రైతుల పేదరికం జోలికి కమిషన్ వెళ్లలేదు. చెప్పులు, మరుగుదొడ్లు లేని చోట మందు వేసుకున్నవాళ్లకి పురుగు మళ్లీ పట్టింది.

కమిషన్ 1914 చివర్లో పని ఆపేసింది. 1920ల్లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వాళ్లు ఇదే కొంకిపురుగు కోసం మద్రాస్ ప్రెసిడెన్సీకి కూడా వచ్చారు. అప్పట్లో కోస్తా, రాయలసీమ ఉన్నది ఆ ప్రెసిడెన్సీలోనే. ఆ కథ పెద్దది, దానికి వేరే ఎపిసోడ్ చేద్దాం. ఉంటానండి.