వాయిదా పడ్డ గ్రీజు

మీ సైకిలు గొలుసుకు చివరిసారి నూనె ఎప్పుడు వేశారు? గుర్తులేదు కదూ! కిర్రుమంటోంది, ఆదివారం వేద్దాంలే అనుకుంటాం. ఆదివారం వెళ్లిపోతుంది. సైకిలు నడుస్తూనే ఉంటుంది. నడుస్తోంది కాబట్టి ఇంకో వారం ఆగవచ్చనిపిస్తుంది. గొలుసు తెగిన రోజున సైకిలు దిగి, దాన్ని తోసుకుంటూ ఇంటికి వస్తాం. కానీ ఆకాశంలో దిగి నడవడానికి వీల్లేదు. మరి విమానాల్లో ఈ వాయిదాలు ఉంటాయా?

ఉంటాయి. పైగా అవి చట్టబద్ధమైనవే. ప్రతి రకం విమానానికీ ‘మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్ట్’ అనే జాబితా ఉంటుంది. ఏ పరికరం పనిచేయకపోయినా విమానం బయలుదేరవచ్చో, అప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలో అందులో రాసి ఉంటుంది. మరమ్మతుకు గడువు కూడా ఉంటుంది. ‘బి’ తరగతి లోపాన్ని 3 రోజుల్లో, ‘సి’ తరగతి లోపాన్ని 10 రోజుల్లో, ‘డి’ తరగతి లోపాన్ని 120 రోజుల్లో సరిచేయాలి. మన దేశంలో ఈ జాబితాలను ఆమోదించేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్. ఒకే పనికి రెండు మూడు పరికరాలు ఉన్నచోట, ఒకటి కొద్దిరోజులు మూగబోయినా ప్రమాదం లేదు.

రెండో రకం వాయిదా ఇంతకంటే సూక్ష్మమైనది. ఇందులో ఏ భాగమూ చెడిపోయి ఉండదు. ఒక తనిఖీకీ మరో తనిఖీకీ మధ్య వ్యవధి మాత్రం పెరుగుతుంది. దీని చరిత్ర ఆసక్తికరమైనది.

తక్కువ విప్పితేనే మేలా?

1950ల్లో ఇంజనీర్ల నమ్మకం ఇది: ప్రతి భాగానికీ ఒక ఆయుష్షు ఉంటుంది, అది తీరకముందే విప్పి బాగుచేసి బిగించాలి, ఎంత తరచుగా విప్పితే అంత క్షేమం. 1960లో అమెరికాలో ప్రభుత్వ విమానయాన సంస్థ, విమాన కంపెనీల ఇంజనీర్లు కలిసి ఈ నమ్మకాన్ని పరీక్షించడం మొదలుపెట్టారు. ఫలితం వాళ్లను ఆశ్చర్యపరిచింది. చాలా భాగాల విషయంలో గడువు ప్రకారం విప్పి బిగించడం వల్ల వైఫల్యాలు తగ్గడం లేదు. కొన్నింటిలోనైతే కొత్తగా బిగించిన తర్వాతే ఎక్కువ లోపాలు కనిపించాయి!

ఈ పరిశోధనల సారాన్ని యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు నౌలన్, హీప్ 1978లో ఒక నివేదికగా వెలువరించారు. పాత పద్ధతిలో డగ్లస్ డీసీ-8 విమానంలో 339 భాగాలను గడువు ప్రకారం విప్పి బాగుచేయాల్సి ఉండేది. కొత్త పద్ధతిలో డీసీ-10 విమానానికి ఆ సంఖ్య 7కు తగ్గింది. కాబట్టి వ్యవధి పెంచడమే నేరం అనుకోకండి. అది విజ్ఞానం నేర్పిన పాఠమే. అయితే దానికొక షరతు ఉంది. పెంచిన వ్యవధిని ఆ భాగం తట్టుకుంటుందని కొలతలతో రుజువు కావాలి. ‘ఇంతవరకూ ఏమీ కాలేదు’ అన్నది రుజువు కాదు.

ఒక స్క్రూ, ఒక నట్టు

ఈ షరతు మరిస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ అలాస్కా ఎయిర్‌లైన్స్‌కు చెందిన ఎండీ-83 విమానం. ఈ రకం విమానాల్లో తోక ఇంగ్లిషు ‘టీ’ అక్షరంలా ఉంటుంది. నిలువు రెక్క కొనమీద అడ్డంగా మరో రెక్క ఉంటుంది. ఆ అడ్డరెక్క ముందు అంచును కొద్దిగా ఎత్తితే విమానం ముక్కు కిందికి వంగుతుంది, దించితే పైకి లేస్తుంది. కారు చక్రం మార్చేటప్పుడు కింద పెట్టే స్క్రూ జాకీని చూశారు కదా! అడ్డరెక్కను కదిలించేది కూడా అలాంటి జాక్‌స్క్రూయే. ఉక్కు స్క్రూ తిరుగుతుంటే దాని మరలు కంచు నట్టు మరల్లో జారుతాయి. ఉక్కు కంటే కంచు మెత్తన కాబట్టి అరిగేది నట్టే. ఆ అరుగుదలను అదుపులో ఉంచేది గ్రీజు ఒక్కటే.

1960ల్లో డీసీ-9 కోసం ఈ అమరికను రూపొందించినప్పుడు, 300 నుంచి 350 గంటల ప్రయాణానికి ఒకసారి గ్రీజు వేయాలని సూచించారు. అలాస్కా ఎయిర్‌లైన్స్‌లో ఈ వ్యవధి 1987లో 500 గంటలు. 1988లో 1,000, 1991లో 1,200, 1994లో 1,600 గంటలైంది. 1996లో గంటల లెక్క వదిలేసి 8 నెలలకు ఒకసారి అన్నారు. అంటే దాదాపు 2,550 గంటలు! నియంత్రణ సంస్థ దీనికి అంగీకరించింది. నట్టు ఎంత వదులైందో కొలిచే తనిఖీ కూడా 30 నెలలకు ఒకసారికి జరిగింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేయండి. వ్యవధి 500 గంటలు ఉన్నప్పుడు ఒక మెకానిక్ ఒకసారి గ్రీజు సరిగా వేయలేదనుకుందాం. మరలు 1,000 గంటలు పాత గ్రీజుతోనే తిరుగుతాయి. వ్యవధి 2,550 గంటలైతే? అదే పొరపాటుకు 5,100 గంటలు! మనుషులన్నాక పొరపాట్లు తప్పవు. వాటిని దిద్దుకునే అవకాశం తరచుగా రావాలి. వ్యవధి పెరిగినకొద్దీ తగ్గిపోయింది ఆ అవకాశమే.

1997 సెప్టెంబరులో ఈ విమానం నట్టులో వదులును కొలిచారు. 0.040 అంగుళం వచ్చింది. అనుమతించిన గరిష్ఠ పరిమితి సరిగ్గా అంతే. నట్టు మార్చాలని మొదట రాసుకున్నారు. తర్వాతి షిఫ్టువాళ్లు మళ్లీ మళ్లీ కొలిస్తే 0.033 వచ్చింది. పరిమితిలోపే ఉందని విమానాన్ని పంపేశారు. తర్వాతి కొలత మళ్లీ 30 నెలలకు.

28వ నెల

2000 జనవరి 31న ఆ విమానం మెక్సికోలోని ప్యూర్టో వల్లార్టా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు బయలుదేరింది. దారిలో జాక్‌స్క్రూ బిగుసుకుపోయింది. పైలట్లు రెండు గంటలకు పైగా విమానాన్ని అలాగే నడిపారు. కాలిఫోర్నియా తీరం దగ్గర విమానం ఒక్కసారిగా సుమారు 31,000 అడుగుల నుంచి 24,000 అడుగులకు పడిపోయింది. పైలట్లు దాన్ని అదుపులోకి తెచ్చి, లాస్ ఏంజెలిస్‌లో దిగడానికి ప్రయత్నించారు. సుమారు పది నిమిషాల తర్వాత అడ్డరెక్క పూర్తిగా పట్టు తప్పింది. విమానం తలకిందులై పసిఫిక్ మహాసముద్రంలో కూలింది. అందులోని 88 మందీ మరణించారు.

సముద్రగర్భం నుంచి తీసిన స్క్రూకు నట్టు మరల అవశేషాలు సన్నని తీగల్లా చుట్టుకుని ఉన్నాయి. నట్టుతో కలిసి పనిచేసే చోట వాడకానికి పనికొచ్చే గ్రీజు లేదు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2002లో తేల్చిన కారణం: గ్రీజు చాలక మరలు మితిమీరి అరిగి తెగిపోవడం. వ్యవధి పెంచడం, దానికి ఆమోదం ఇవ్వడం ఇందుకు తోడ్పడ్డాయని కూడా చెప్పింది. చివరిసారి గ్రీజు వేసిన మెకానిక్ ఆ పనికి సుమారు ఒక గంట పట్టిందన్నాడు. సరిగా చేస్తే నాలుగు గంటలు పడుతుందని తయారీదారుల ప్రతినిధి అంచనా.

నట్టులో రెండు మరలు ఉన్నాయి, ఒకటి పోయినా ఇంకొకటి కాపాడుతుందని రూపకర్తలు ధీమాగా ఉన్నారు. కానీ రెండూ ఒకే గ్రీజు మీద ఆధారపడ్డాయి, రెండూ ఒకేసారి అరిగాయి. ఇలా ఒకే కారణంతో చెడే రెండు ఏర్పాట్లను రెండు అనగలమా?

ప్రమాదం తర్వాత ఈ రకం విమానాలకు 650 గంటలకు ఒకసారి గ్రీజు, 2,000 గంటలకు ఒకసారి వదులు కొలత తప్పనిసరి చేశారు. 2,550 నుంచి 650కి! ఈ పాఠానికి చెల్లించిన మూల్యం 88 ప్రాణాలు.

మీలో కొందరు రేపు విమాన నిర్వహణ ఇంజనీర్లు కావచ్చు. మీ సంతకం లేనిదే విమానం ఎగరని రోజు వస్తుంది. ఎవరైనా ‘ఇంకొన్నాళ్లు ఆగవచ్చు’ అన్నప్పుడు వెంటనే కాదనకండి, వెంటనే ఔననకండి. రెండు ప్రశ్నలు అడగండి: ఆగవచ్చని ఏ కొలత చెప్పింది? ఈసారి పొరపాటు జరిగితే దాన్ని మళ్లీ ఎప్పుడు చూస్తాం?

ముందుగా, ఈ ఆదివారం ఆ సైకిలు గొలుసుకు నూనె వేయండి!