మూడో వరుసలో ఖాళీ

తాండవ నదికి ఇవతలి గట్టు మా పాయకరావుపేట, అవతలి గట్టు తుని. రైలెక్కాలన్నా, పెళ్లి సామాను కొనాలన్నా వంతెన దాటి వెళ్లిరావడం మాకు వీధిలోకి వెళ్లి వచ్చినట్టే. కానీ దొరల కాలం నుంచీ ఈ ఏరు జిల్లా సరిహద్దు. తుని గోదావరి జిల్లాది. మా ఊరు విశాఖపట్నం జిల్లా, సర్వసిద్ధి తాలూకాది. ఆ తాలూకా కచేరీ ఎలమంచిలిలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడ్డాక అవతలి గట్టు కాకినాడ జిల్లా, ఇవతలి గట్టు అనకాపల్లి జిల్లా అయ్యాయి. ఊళ్లో ఉండేవాళ్లకి ఇది పెద్ద విషయం కాదు. తాత పుట్టిన ఊరు వెతుక్కుంటూ దక్షిణాఫ్రికా నుంచి వచ్చేవాళ్లకి మాత్రం ఇదే మొదటి చిక్కుముడి.

కొన్నేళ్ల కిందట దర్బన్ నుంచి ఒక పెద్దావిడ మా ఊరు వచ్చారు. పేరు రాయను, అది వాళ్ల ఇంటి విషయం. ఊరి సంగతులు రాసుకుంటానని ఎవరో చెబితే మా ఇంటికి తీసుకొచ్చారు. తెలుగు చదవడం ఆవిడకు రాదు, మాట్లాడటమూ అంతంతే. కాఫీ గ్లాసు చేతికిస్తూ మా ఆవిడ ఏదో అడిగితే, అర్థంకాక “ఏటి?” అన్నారు. మా ఆవిడ నావంక చూసింది. ‘ఏమిటి’ అనలేదు, ‘ఏంటి’ అనలేదు. ఏటి! అది వాళ్ల నానమ్మ మాటట. ఇంట్లో మిగిలిన నాలుగు తెలుగు మాటల్లో అదొకటి. నాలుగు తరాలు, ఒక మహాసముద్రం దాటి మా ఉత్తరాంధ్ర మాట మా వసారాలోకి తిరిగొచ్చింది. ఆవిడ సంచిలో ఉన్న కాగితాలు చూడకముందే, ఈ మనిషి మనవాళ్లే అనిపించింది నాకు.

ఆ కాగితాలు రెండు రకాలు. ఒకటి ఓడ జాబితా నకలు. రెండోది ముత్తాత చనిపోయినప్పుడు నటాల్ సుప్రీం కోర్టు మాస్టర్ కచేరీలో దాఖలైన ఎస్టేటు ఫైలు. అందులో మరణ సమాచార పత్రం, వీలునామా, ఆస్తుల పట్టీ. వీలునామా కింద సంతకం లేదు, వేలిముద్ర ఉంది.

అసలు కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి. దర్బన్ ఉన్న నటాల్‌లో చెరకు తోటలు వేసిన తెల్లదొరలకు కూలీలు చాల్లేదు. మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ 342 మందితో 1860 నవంబరు 16న దర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911లో వలస ఆపేదాకా 1,52,184 మంది వెళ్లారు. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి ఓడెక్కినవాళ్లే. అరవదేశం వాళ్లతోపాటు ఉత్తర ఆర్కాటు, చిత్తూరు వైపు తెలుగువాళ్లు, మన విశాఖ జిల్లావాళ్లు అందులో ఎక్కువ. ఐదేళ్ల ఒప్పందం. జీతం మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, తరువాత ఏడాదికో షిల్లింగు చొప్పున పెరిగి ఐదో ఏటికి 14. తిండి, వసతి తోటవాళ్లవి. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. 1893లో బెజవాడ–వాల్తేరు రైలు పడ్డాక మద్రాసు మాకు దగ్గరైంది. ఆ వెనకే 1896–97 కరువు వచ్చింది. ఏజెంటు చెప్పిన మాట వినడానికి ఆకలి చాలు. మా వైపు ‘రంగం వెళ్లాడు’ అంటే బర్మా వెళ్లాడని అందరికీ తెలుసు, ఎందుకంటే రంగం వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు, డబ్బు పంపారు, కథలు చెప్పారు. నటాల్ వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తిరిగి రాలేదు. అందుకే ఆ పేరు మా ఊరి నోట నిలవలేదు.

ఓడ జాబితాలో ఒక్కో మనిషికి ఒక్కో వరుస. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా లేదా ఠాణా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. ఆ నంబరును వాళ్లు కలోనియల్ నంబరు అంటారు. అదే మనిషికి తాళంచెవి. పిల్లలు పుట్టినా, పెళ్లి నమోదైనా, కోర్టుకెక్కినా, చచ్చిపోయినా కాగితం మీద పేరు పక్కన ఆ నంబరు పడుతుంది. అందుకే వెతికేవాళ్లు వెనక నుంచి ముందుకు రావాలి. తాత పుట్టుక ధ్రువపత్రం మీదో, ముత్తాత మరణ పత్రం మీదో ఆ నంబరు పట్టుకుంటే ఓడ దొరుకుతుంది. ఓడ దొరికితే ఊరు దొరుకుతుంది.

దొరకాలి గానీ, ఊరి పేరు రాసినవాడు తెలుగువాడు కాదు. ఉజ్జాయింపుగా చెవికి తోచింది రాసుకుపోయాడు. ఇంగ్లీషు అక్షరాల్లో మన సింహాచలం ‘సిమాచలం’ అవుతుంది, కశింకోట ‘కసిమ్‌కొట్టా’ అవుతుంది. పైగా కూలీని మేజిస్ట్రేటు ముందు నమోదు చేయించేది మనిషి సొంత ఊళ్లో కాదు, ఏజెంటు పట్టుకున్నచోట. ఏరు దాటి తునిలో దొరికిన మా ఊరి మనిషి గోదావరి జిల్లా ఖాతాలో పడటానికి అడ్డేముంది? మా పెద్దావిడ కాగితంలో ఊరి పేరు మసకగా ఉంది, తాలూకా మాత్రం సర్వసిద్ధి అని చదవగలిగాం. ఆవిడ మూడేళ్లుగా దాన్ని ఊరి పేరనుకుని పటాల్లో వెతుకుతున్నారట. ఇప్పుడు ఆ పేరుతో తాలూకా లేదని, అది ఎలమంచిలి చుట్టుపక్కల నేల అని చెప్పినప్పుడు ఆవిడ ముఖం చూడాల్సింది.

ఊరి పేరు మోసం చేసినా మనిషి పేరు మోసం చేయదు. ఈ సంగతి నటాల్ పుస్తకాల్లో కనిపించదు, ఈ నేల మీద పెరిగినవాళ్లే చెప్పగలరు. జాబితాలో అప్పలస్వామి, అప్పలనరసమ్మ అని కనిపిస్తే సింహాద్రి అప్పన్న మొక్కు. పైడితల్లి, పైడిరాజు అంటే విజయనగరం వైపు. నూకాలు, నూకరాజు అంటే అనకాపల్లి నూకాలమ్మ నీడ. పేరులో ‘లోవ’ గానీ ‘తలుపులు’ గానీ ఉంటే ఆ మనిషి తుని పక్కన లోవకొత్తూరు తలుపులమ్మ తల్లికి మొక్కుకుని కన్న బిడ్డ. అంటే తాండవకు అటూ ఇటూ ఉన్నవాడు. కులం గడి కూడా చూడాలి. ‘గవర’ అని ఉంటే అనకాపల్లి, ఎలమంచిలి ప్రాంతం దాటి ఎక్కువ దూరం వెతకక్కర్లేదు. పెద్దావిడ కాగితంలో ముత్తాత పేరును ఇంగ్లీషువాడు ఎంత వంచినా మొదటి రెండక్షరాలు ‘లోవ’ అని స్పష్టంగా ఉన్నాయి. “అమ్మా, ఇది మా తలుపులమ్మ పేరు” అన్నాను. ఆవిడకు ఆ పేరుకి అర్థం ఉందన్న సంగతే అప్పటిదాకా తెలియదు.

పోయింది ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందు, మనిషి పేరు తరువాత. జాబితాలో ఇంటిపేరుకు గడి లేదు. అక్కడి చట్టానికి మాత్రం వంశనామం కావాలి. అందుకని కొందరికి తండ్రి పేరు ఇంటిపేరైంది, కొందరికి తమ పేరే పిల్లలకు ఇంటిపేరైంది, కొన్ని వేలమందికి ‘నాయుడు’ అయింది. దర్బన్‌లో నాయుడు అన్నంత మాత్రాన కులం తేల్చకూడదు, బంధుత్వం అసలే తేల్చకూడదు.

ఇక వీలునామా దగ్గరికి వస్తాను. నెలకు పది షిల్లింగులకు దిగిన మనిషి వీలునామా రాసే దాకా ఎలా వచ్చాడన్నదే నాకు ఈ మొత్తంలో గొప్ప విషయం. ఒప్పందం తీరాక తిరుగు ప్రయాణం వదులుకుంటే కొంత భూమి ఇవ్వవచ్చని 1870 చట్టంలో ఉంది, కానీ అది కొద్దిమందికే దక్కింది, 1891లో ఆ నిబంధనే ఎత్తేశారు. మిగిలినవాళ్లు కౌలుకు తీసుకున్నారు. దర్బన్ చుట్టూ చిత్తడి నేలల్లో కాయగూరలు పండించి తెల్లవారకముందే బజారుకు మోశారు. 1895 చట్టంతో మరో బరువు పడింది. ఆ తరువాత వచ్చి, ఒప్పందం తీరాక మళ్లీ ఒప్పందంలో చేరకుండా అక్కడే ఉండిపోయినవాళ్లు ఏడాదికి 3 పౌన్ల పన్ను కట్టాలి. నెలకు 14 షిల్లింగులు తెచ్చుకునేవాడికి అది నాలుగు నెలల పైబడిన జీతం. ఆ పన్ను కట్టి, కౌలు కట్టి, మిగిల్చిన దానితో కొన్నదే ఆస్తుల పట్టీలో కనిపించే ఆవు, బండి, ఇనప రేకుల ఇల్లు, చిన్న నేలముక్క. అక్షరం రానివాడు కోర్టుకు వెళ్లి, ఇది నా భార్యకు, ఇది నా పెద్దకొడుక్కి అని చెప్పి వేలు ముద్ర వేశాడంటే, ఇక్కడే ఉంటాం, ఇది మాది అని సర్కారుకు చెప్పినట్టే. వలస కూలీ కాపు అయిన క్షణం అది.

భార్యకు అన్నమాట దగ్గర కోర్టు అడ్డు నిలిచేది. మన పెళ్లి మంగళసూత్రంతో, పదిమంది సాక్షిగా జరుగుతుంది. నటాల్ చట్టానికి రిజిస్టరులో నమోదు కావాలి. 1891 చట్టం కింద నమోదు చేయించుకోని ఇల్లాలు భర్త పోయాక తాను ఇల్లాలినని రుజువు చేసుకోవాల్సి వచ్చేది. 1913 మార్చిలో కేప్ సుప్రీం కోర్టులో జడ్జి సెర్ల్, క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లు అక్కడి చట్టానికి ఆనవని తీర్పు చెప్పాడు. అది ఒక ముస్లిం ఇల్లాలి కేసే గానీ, భారతీయుల ఇళ్లన్నీ వణికాయి. గాంధీగారి సత్యాగ్రహంలోకి ఆడవాళ్లు దిగడానికి అదొక ముఖ్య కారణం. ఆ ఏడాది చివర్లో గని కార్మికులు, చెరకు కూలీలు వేలకు వేలు పని మానేశారు. 1914లో వచ్చిన చట్టం 3 పౌన్ల పన్ను రద్దు చేసింది, ఏకపత్నీ వివాహాలను గుర్తించింది. ఈ కాలపు ఎస్టేటు ఫైళ్లలో ఇరుగుపొరుగుల ప్రమాణ పత్రాలు కనిపిస్తే పారేయకండి. ఫలానావాళ్లిద్దరూ ఫలానా తోటలో కాపురం చేశారని, ఫలానా ఓడలో కలిసి వచ్చారని చెప్పే సాక్షి ఒక్కోసారి సొంత ఊరివాడే అవుతాడు. ఒకే ఓడలో వచ్చినవాళ్లు అన్నదమ్ముల్లా మెలిగేవారు. ముత్తాత గురించి ఏమీ దొరక్కపోతే సాక్షి నంబరు పట్టుకుని అతని ఊరు చూడమంటాను.

మేజిస్ట్రేటు కోర్టు కాగితాలు ఇంకో తీరు. సెలవు లేకుండా తోట దాటినందుకు, పని ఎగ్గొట్టినందుకు శిక్షలు. వలసదారుల రక్షకుడని ఒక అధికారి ఉండేవాడు, అతని ముందు ఇచ్చిన ఫిర్యాదులు. వాటిని చదివితే గొంతు పట్టుకుంటుంది. అయినా వాటికి ఒక విలువ ఉంది. మధ్యలో దుబాసీ ఉన్నా, ఇంగ్లీషులోకి మారినా, మాట కూలీది. నాకు జ్వరం, నాకు బియ్యం తక్కువిచ్చారు అని మా జిల్లా మనిషి తన నోటితో చెప్పింది రాసిపెట్టిన చోటు అది.

మరి మా గట్టు మీద ఏముంది? పెద్దావిడ ఇదే అడిగారు. ఈ చుట్టుపక్కల చాలా ఊళ్లు జమీందారీవి. జమీందార్ల దాయాద్యాలు, అప్పులు, వేలాలు, దత్తతలు కోర్టు కాగితాల్లో కట్టలు కట్టలుగా ఉన్నాయి. రాష్ట్ర పురాలేఖల భాండాగారంలోనూ, మద్రాసు ఎగ్మూరు రికార్డు ఆఫీసులోనూ జిల్లా దస్త్రాలు చూడవచ్చు. రైతుకు 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం వచ్చాక కొంత చోటు దొరికింది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయి సర్వే సెటిల్మెంటు జరిగాక అడంగల్లో పేరు ఎక్కింది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరకాలంటే కొనాలి, అమ్మాలి, తాకట్టు పెట్టాలి. ఏ భూమీ లేనివాడు, తమలపాకు తోటలో కూలికి పోయినవాడు, పెంటకోటలో వల లాగినవాడు ఏ కాగితం మీద పడతాడు? వాడి పేరు రాసుకోవడానికి ఇక్కడ ఎవరికీ అవసరం పడలేదు.

వాడి ఎత్తు ఎంతో, ఎడమ మోకాలి కింద మచ్చ ఉందో లేదో, వాడి తండ్రి పేరేమిటో రాసుకున్నది వాడిని ఓడలో ఎక్కించినవాడు. ఆ రాసుకోవడంలో దయ ఏమీ లేదు, పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్నాడు. కానీ నూట ముప్పై ఏళ్ల కిందటి మా ఊళ్ల పేదవాళ్ల ఆనవాళ్లు ఇప్పుడు దొరికేది అక్కడే. ఓడ జాబితాల నకళ్లు దర్బన్‌లోని క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి, ఎస్టేటు ఫైళ్లు పీటర్‌మారిట్జ్‌బర్గ్ భాండాగారంలో ఉన్నాయి. మా ఊరి చరిత్రలో సగం ఆఫ్రికాలో దాచి ఉందని నేను అంటే మిత్రులు అతి అంటారు. నాకు అతి అనిపించదు. ఊరి చరిత్ర అంటే కోట కట్టినవాళ్లదే అనుకుంటేనే అది అతి.

పెద్దావిడ వాళ్ల ముత్తాత నేలముక్క ఇప్పుడు లేదు. 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం కింద దర్బన్‌లో భారతీయులు కొనుక్కున్న పేటలకు పేటలే ఖాళీ చేయించారు. కేటో మేనర్‌లో ఇళ్లు కూలగొట్టారు. వీలునామా మాత్రం మిగిలింది. ఆస్తి పోయాక కూడా ఆస్తి ఉండేదని చెప్పే కాగితం అదొక్కటే.

వెళ్లే ముందు ఏటి గట్టుకు తీసుకెళ్లాను. చెరకు లారీలు పోతున్నాయి. ఆవిడ కాసేపు వాటినే చూస్తూ నిలబడ్డారు. “ఇక్కడ కూడా చెరకేనా మాస్టారూ?” అన్నారు ఇంగ్లీషులో, ఆ చివరి మాట మాత్రం తెలుగులో. అవునమ్మా, తాండవ చక్కెర కర్మాగారం కూడా మా మండలంలోనే అన్నాను.

తిరిగొచ్చాక వసారాలో కాగితాలు మళ్లీ పరిచాం. మరణ సమాచార పత్రంలో మొదటి వరుస చనిపోయిన మనిషి పేరు, రెండోది పుట్టిన చోటు, మూడోది తల్లిదండ్రుల పేర్లు. ఆ పత్రం నింపించింది పెద్దకొడుకు. పుట్టిన చోటు ఇండియా అని చెప్పాడు. మూడో వరుస ఖాళీగా వదిలేశాడు. నాయనమ్మ, తాతల పేర్లు అతనికెవరూ చెప్పి ఉండరు. ఓడ జాబితాలో తండ్రి పేరు గడి మాత్రం నిండి ఉంది. ఆవిడ నా పెన్సిలు అడిగి తీసుకుని, నంబరు రెండింటిలోనూ ఒకటేనని మరోసారి సరిచూసి, తన నకలు మీద ఆ మూడో వరుసలో ఆ పేరు రాశారు. దాన్నే తెలుగులో రాయమని పెన్సిలు నాకిచ్చారు.